భుజంగరావుగారి ఏకగ్రీవం

భుజంగరావుగారి జీవితంలో ఓడిపోయిన తీర్మానం ఒక్కటే. దాన్ని ప్రవేశపెట్టింది కూడా ఆయనే. ఆ ముచ్చట చెప్పాలంటే ముందు ఆయన గెలిచిన తీర్మానాల సంగతి చెప్పాలి. అవి పన్నెండేళ్ళకి సరిపడా ఉన్నాయి కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఆ పన్నెండేళ్ళలో చివరి అయిదేళ్ళూ నేను ఆయనకి సహాయ కార్యదర్శిని. నా పేరు యజ్ఞనారాయణ. సహాయం అంటే బ్రహ్మాండమేమీ కాదు, ఆయన స్కూటరు వెనక కూర్చోవడం, ఆయన చెప్పినదానికల్లా ఊఁ కొట్టడం.

మాది భిలాయి. ఉక్కు కర్మాగారం లేచిన కొత్తల్లో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చి దిగిపోయినవాళ్ళం మేమంతా. ఊళ్ళో పేటలకి పేర్లు ఉండవు, సెక్టార్లకి నంబర్లే. "ఆరో సెక్టారు వియ్యంకుడు, రెండో సెక్టారు మేనత్త" అని చుట్టరికాలు కూడా అంకెల్లోనే చెప్పుకునేవాళ్ళం. మాకో సంఘం ఉండేది. తెలుగు మిత్ర సమాజం దాని పేరు. నలభై ఒక్క కుటుంబాలు సభ్యులు. పెద్ద హాలు ఒకటి, దాన్ని ఆనుకుని పక్కగది ఒకటి, ఎండాకాలం వస్తే ఎర్రదుమ్ము మింగే ఇనప కిటికీలు నాలుగు. దీనికి అధ్యక్షులు ఎంతమంది మారినా కార్యదర్శి మాత్రం 1969 నుంచీ భుజంగరావుగారే.

ఆయనది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. కర్మాగారంలో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో తనిఖీ ఉద్యోగం. చల్లారిన పట్టా పొడుగునా వంగి నడుస్తూ, చేత్తో తడుముతూ, వెంట్రుకంత పగులు కనబడినా సుద్దతో గీత గీసి పక్కకి తోయించేసేవారు. "మిగతాదంతా బాగానే ఉంది కదా సార్" అని ఎవరైనా బతిమాలితే, "రైలు మిగతాదాని మీదే నడుస్తాదేటి బాబూ? అంతా బాగుంటేనే పట్టా" అనేవారు. ఇదే సూత్రాన్ని తీసుకొచ్చి సంఘానికి కూడా తగిలించారు. నలభై మంది ఒప్పుకుని ఒక్కడు కాదంటే ఆయన దృష్టిలో అది తీర్మానం కాదు. పగులున్న పట్టా.

అందుకని ఆయన సభలో తీర్మానం పెట్టేవారు కాదు. సభకి వారం ముందే ఇంటింటికీ తిరిగి పెట్టేసేవారు. జనరల్ షిఫ్టు దిగి, మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా క్వార్టరు ముందు హారను కొట్టేవారు. "ఏటోయ్ యజ్ఞం, బయల్దేరీసావా?" అనేవారు. నేను బయల్దేరేవాణ్ణి. సాయంత్రానికి ఏడు ఇళ్ళ చొప్పున ఆరు సాయంత్రాల్లో నలభై ఒక్క ఇళ్ళూ అయ్యేవి. ఆయన లెక్కలో సొంత ఇల్లు కూడా ఒకటి, అక్కడ మాత్రం విషయం ఎత్తడం ఉండేది కాదు, కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చోవడమే. మిగతా నలభై ఇళ్ళలోనూ కాఫీ తప్పదు. ఆ వారం నాకు నిద్ర పట్టేది కాదు. ఆయన మాత్రం హాయిగా గుర్రు పెట్టేవారట, ఆయన భార్య లలితాంబగారే చెప్పేవారు.

తెలుగువాడి ఒప్పుకోలులో ఎన్ని రకాలున్నాయో నాకు ఆ స్కూటరు మీదే తెలిసింది. "అలాగే" అంటే ఒప్పుకున్నట్టు. "అలాగే లెండి" అంటే తొందరగా వెళ్ళండి, కూర మాడుతోందని. "మీ ఇష్టం" అంటే సగం ఒప్పుకున్నట్టు, మిగతా సగం తర్వాత దెప్పడానికి దాచుకున్నట్టు. "చూద్దాం" అంటే చచ్చినా కాదని. భుజంగరావుగారికి ఈ తేడాలన్నీ తెలుసు. తెలిసి కూడా అన్నిటినీ ఒకే గాటన కట్టేసేవారు. "చూద్దాం" అన్నవాడి ఇంటికి రెండోసారి వెళ్ళేవారు. అప్పటికీ లొంగకపోతే మూడోసారి వెళ్ళి, విషయం ఎత్తకుండా గంటన్నర కూర్చునేవారు. అంతటితో ఎంతటి మొండిఘటమైనా చేతులెత్తేసేది.

ఒక ఉగాదికి భోజనాల్లో పులిహోరా చక్రపొంగలా అని శ్రీకాకుళం వాళ్ళకీ విశాఖ వాళ్ళకీ కొట్లాట దాకా వచ్చింది. ఈయన వీళ్ళ దగ్గరకి వెళ్ళి "వాళ్ళు ఒప్పీసుకున్నారండీ, మీరే ఉన్నారు" అన్నారు. వాళ్ళ దగ్గరకి వెళ్ళి ఇదే మాట అన్నారు. ఆ సంవత్సరం విస్తట్లో పులిహోరా లేదు, చక్రపొంగలీ లేదు, కిచిడీ వడ్డించారు. ఎవరూ కిచిడీ అడగలేదు. కానీ తీర్మానం మాత్రం ఏకగ్రీవం.

ఇక సభ అంటే ఇరవై నిమిషాలు. ఆయన లేచి మినిట్సు పుస్తకం తెరిచి చదివేవారు. ఆ మినిట్సు ముందురోజు శనివారమే రాసేసి ఉండేవి. జరగని సభకి జరిగిన వివరాలు! మొదట్లో నాకు వింతగా ఉండేది గానీ, జరిగేది ఏటో ముందే తెలిసినప్పుడు ఎప్పుడు రాస్తే ఏటి అనేవారాయన. "సభ్యులందరిచేత ఏకగ్రీవంగా ఆమోదించబడినది" అని ఆయన చదవగానే హాల్లో తలలన్నీ ఒకేసారి ఊగేవి. తర్వాత బజ్జీలు.

ఆ మినిట్సు రాసింది ఆయన కాదు, లలితాంబగారు. భుజంగరావుగారి దస్తూరీ చూస్తే ఏ భాషో పోల్చుకోవడం కష్టం. ఆవిడది ముత్యాల కోవ. విజయనగరంలో సంస్కృతం మాస్టారి కూతురు. శనివారం మధ్యాహ్నం ఆయన పడక్కుర్చీలో వాలి చెప్పేవారు, ఆవిడ పీట మీద పుస్తకం పెట్టుకుని రాసేవారు. ఆదివారం పొద్దున్న మాత్రం ఆవిడ సమాజం పక్కగదిలో ఉండేవారు. అక్కడ పిల్లలకి తెలుగు చెప్పేవారు. ఆవిడ మొదలుపెట్టిందే ఆ తరగతి. ఈయన కార్యదర్శి అయిన ఏడాదే ఆవిడా పలకలు పట్టుకుని కూర్చున్నారు.

మా పిల్లలు భిలాయిలో పుట్టినవాళ్ళు. కలలు కూడా హిందీలోనే కనేవాళ్ళు. "నాన్నా, చాయ్ ఠండా హోగయీ, తాగీయ్" అనే బాపతు. వాళ్ళకి గుణింతాలు నేర్పడం, ఒక్కొక్కడి చేతా వాళ్ళ తాతకి కార్డు ముక్క రాయించడం ఆవిడ పని. మొదట్లో ముప్ఫై అయిదు మంది వచ్చేవారు. తర్వాత ట్యూషన్లు ఎక్కువయ్యాయి, క్రికెట్ ఎక్కువైంది. 1981 నాటికి తొమ్మిదిమంది మిగిలారు. ఆ తొమ్మిదిమంది కోసం కూడా ఆవిడ ఆదివారం తెల్లారకుండా లేచి వంట ముగించి, ఎండైనా వానైనా నడిచి వెళ్ళేవారు. జీతం లేదు, బిరుదు లేదు. ఆవిడ సొంతం అని చెప్పుకోదగ్గది భిలాయిలో అదొక్కటే.

ఆ ఏడాది వానాకాలంలో మగవాళ్ళ కన్ను పక్కగది మీద పడింది. అందులో క్యారమ్ బోర్డులు, పేకాట బల్ల శాశ్వతంగా వేస్తే బాగుంటుందని అధ్యక్షులు పరబ్రహ్మంగారు అన్నారు. ఆయన కర్మాగారంలో పెద్ద అధికారి. పెద్ద అధికారి బాగుంటుందంటే అప్పటికే సగం బాగున్నట్టు. "తొమ్మిదిమంది పిల్లల కోసం గది ఆపడం ఏం సబబు?" అన్నారు. భుజంగరావుగారికి అది నిజమే అనిపించింది. పైగా "లలితక్కూడా ఆదివారం పూట విశ్రాంతి దొరుకుతాది" అని నాతో అన్నారు. నేను ఊఁ కొట్టాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

స్కూటరు బయల్దేరింది. ఈసారి పని చాలా సులువుగా అయింది. కర్మాగారంలో క్రేను నడిపే తాతబ్బాయి ఇంట్లో అయితే మేము కూర్చోక ముందే అయిపోయింది. "మీరు సెప్తే నేను కాదంటానేటి బాబూ? అలాగే. ముందు కాఫీ తాగండి" అన్నాడు. అతని పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఏదో అనబోయి, మొగుడి మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది. అది నేను చూశాను. చూసి కాఫీ తాగాను. నలభై ఇళ్ళలో నలభై అలాగేలు పోగయ్యాయి. ఒక్క "చూద్దాం" కూడా లేదు. భుజంగరావుగారు పొంగిపోయారు.

శనివారం మధ్యాహ్నం నేను కూడా వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆయన పడక్కుర్చీలో వాలి చెప్పడం మొదలుపెట్టారు. "ఆదివారం తెలుగు తరగతికి హాజరు తగ్గిపోయినందున, సదరు తరగతిని నిలిపివేసి, ఆ గదిని సభ్యుల వినోదార్థం కేటాయించుటకు..." లలితాంబగారి కలం ఒక్క క్షణం ఆగింది. నేను కిటికీలోంచి బయటకి చూశాను. ఆయన జంతిక కొరుకుతున్నారు.

"ఇళ్ళన్నీ అయిపోయాయా అండీ?" అన్నారావిడ, తల ఎత్తకుండా.

"అన్నీ అయిపోయాయి. నలభై ఒకటీని. ఒక్కటి వదల్లేదు."

"మనింటితో కలిపేనా?"

ఆయన నవ్వారు. "మనింటికి కూడా స్కూటరేసుకుని రావాలేటి? భలేదానివే! రాయి, రాయి."

ఆవిడ రాశారు. సిరా ఆరే దాకా ఆగి, పుస్తకం మూసి, గుడ్డసంచిలో పెట్టి ఆయనకి ఇచ్చారు. నాకు ఇంకో రెండు జంతికలు వేశారు. మొహంలో కోపం లేదు, ఏమీ లేదు.

ఆదివారం సాయంత్రం సభ. హాలు నిండింది. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు కిటికీల పక్క జంపఖానాల మీద. వెనక బజ్జీల వాసన అప్పుడే మొదలైంది. భుజంగరావుగారు గొంతు సవరించుకుని చదివారు. తరగతి అన్నారు, హాజరు అన్నారు, వినోదార్థం అన్నారు. "...కేటాయించుటకు సభ్యులందరిచేత..." అని ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పుస్తకం దూరంగా పట్టి చూశారు, దగ్గరగా పట్టి చూశారు. ఊగడానికి సిద్ధంగా ఉన్న తలలు మధ్యలో నిలిచిపోయాయి.

"ఇక్కడేటి, ఖాళీ ఉందీ?" అన్నారు.

జంపఖానా మీంచి లలితాంబగారు లేచి నిలబడ్డారు. పన్నెండేళ్ళలో ఆవిడ సభలో నోరు విప్పడం అదే మొదలు. "అక్కడ మాట నేనే రాయలేదండీ. ఏకగ్రీవంగా అని రాయాలంటే నన్ను కూడా ఎవరైనా అడగాలి కదా. నన్నెవరూ అడగలేదు. అబద్ధం నా చేత్తో రాయలేక వదిలీసాను."

పరబ్రహ్మంగారు చిరునవ్వు పులుముకున్నారు. "అమ్మా, నియమావళి ప్రకారం కుటుంబానికి ఒక్కటే ఓటు. మీ ఇంటి ఓటు భుజంగరావుగారిదే కదా" అన్నారు.

"నేను ఓటు అడగలేదండీ. ఆ మాట రాయలేనన్నాను, అంతే. కలం అక్కడే ఉంది, మీలో ఎవరైనా రాసుకోండి."

కలం బల్ల మీదే ఉంది. పరబ్రహ్మంగారు దాన్ని నా వైపు జరిపారు. నేను తాతబ్బాయి వైపు జరిపాను. తాతబ్బాయి "నాకు సదువు తక్కువ బాబూ" అని చినబాబు ముందు పెట్టాడు. చినబాబు లలితాంబగారి మొదటి జట్టు శిష్యుల్లో ఒకడు, అప్పుడే కర్మాగారంలో చేరాడు, తండ్రి పోయాక వాళ్ళ ఇంటి తరఫున సభలకి వస్తున్నాడు. వాడు కలం పట్టుకుని బుర్ర గోక్కున్నాడు.

"ఆంటీ, ఏక్ మినిట్. రాస్తాను గానీ, ఏకగ్రీవం అంటే మీనింగ్ ఏంటి? రెండేళ్ళ నుంచి తల ఊపుతున్నా, మాలూమ్ నహీ."

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో ఎంతమందికి అర్థం తెలుసో నాకు అనుమానమే. నాకైతే తెలియదు. బజ్జీల ముందు వచ్చే మాట అని మాత్రం తెలుసు.

లలితాంబగారికి ఎవరైనా అర్థం అడిగితే ఇంక ప్రపంచం గుర్తుండదు. అది సభ అనీ, తన తరగతికి ఉరి వేసే వేళ అనీ మరిచిపోయి, పిల్లలకి చెప్పినట్టే చెప్పారు. "ఏక అంటే ఒకటి, అది నీకు తెలుసు. గ్రీవం అంటే మెడ, కంఠం. దశగ్రీవుడంటే ఎవరు?"

"రావణ్" అన్నాడు చినబాబు.

"ఆఁ, పది మెడల వాడు. ఏకగ్రీవం అంటే ఒకే మెడ. ఎందరున్నా ఒక్క కంఠంలోంచి వచ్చినట్టు ఒకే మాట రావడం. హిందీలో సర్వసమ్మతి అంటారు చూడు, అదే. మా నాన్నగారు చెప్పీవారు, మాట సంస్కృతానిదే అయినా దీన్ని ఇలా సభలకి ఎక్కించుకున్నది మన తెలుగువాళ్ళేనని. నిజమో కాదో నేను చూడలేదు. ఒక్కటి మాత్రం తెలుసు బాబూ. మెడకి రెండు పనులున్నాయి. తల ఊపడం ఒకటి, మాట పలకడం ఒకటి. ఈ పదం పుట్టింది రెండో పని కోసం. మనం మొదటి పనికే వాడుకుంటున్నాం."

చినబాబు కలం కింద పెట్టేశాడు. "అయితే నేను రాయను ఆంటీ. నేను ఏమీ పలకలేదు" అన్నాడు.

పరబ్రహ్మంగారికి చిరాకేసింది. "భుజంగరావుగారూ, తేల్చండి. మీ ఇంటి ఓటు ఎటు?"

అప్పుడు ఆయన మొహం చూసి నాకు నిజంగా జాలేసింది. ఎత్తేయమంటే పన్నెండేళ్ళ రికార్డు నిలబడుతుంది. ఎదురుగా భార్య నిలబడి ఉంది. ఆయన పుస్తకంలో ఆ ఖాళీని చూశారు, ఆవిడని చూశారు, మళ్ళీ ఖాళీని చూశారు. పట్టా మీద పగులు వెతికేటప్పుడు కూడా అంతసేపు చూడగా నేను చూడలేదు.

"మా ఇంట్లో ఇంకా తేలలేదండీ" అన్నారు మెల్లగా. "నెల్లాళ్ళు గడువు ఇప్పించండి."

తీర్మానం వచ్చే నెలకి వాయిదా పడింది. ఆ రోజు బజ్జీలు చల్లారిపోయాయి.

మర్నాడు సాయంత్రం హారను మోగలేదు. ఆయనే నడుచుకుంటూ వచ్చి మా వరండాలో కూలబడ్డారు. "అడిగానోయ్" అన్నారు. ఏం అడిగారంటే, తరగతి మన ముందుగదిలో పెట్టుకుందామా, నీకేటి ఇష్టం అని. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళకి మొదటిసారి. "ఏమన్నారు?" అన్నాను. "ఆలోచించుకుని చెప్తానంది."

ఆ వారం ఆయన పడ్డ అవస్థ చెప్పనలవి కాదు. నలభై ఇళ్ళ నుంచి అక్కడికక్కడే జవాబు పట్టుకొచ్చిన మనిషికి సొంత ఇంట్లో జవాబు దొరకలేదు. రోజూ వచ్చి "ఇంకా చెప్పలేదోయ్" అనేవారు. మధ్యలో ఒకరోజు తన పాత విద్య ప్రయోగించి, విషయం ఎత్తకుండా వంటింట్లో పీట వేసుకుని గంటన్నర కూర్చున్నారట. ఆవిడ ఆయన చేతికి చిక్కుడుకాయలు ఇచ్చి వలిపించుకున్నారు.

ఆదివారం నేను వాళ్ళింట్లో ఉండగా ఆవిడ చెప్పారు. "ముందుగదిలో వద్దండీ. మనింట్లో తెలుగు ఎలాగూ ఉంది. అది ఊళ్ళో నలుగురి మధ్య ఉండాలనే కదా నా గొడవ. ఉంటే ఆ గదిలోనే ఉండాలి. లేకపోతే లేదు."

భుజంగరావుగారి మొహం వెలిగిపోయింది. వెంటనే చెప్పుల్లో కాళ్ళు పెట్టేశారు. "ఓస్, అంతేనా! పద యజ్ఞం, స్కూటరు తీయ్. ఇంకా మూడు వారాలుంది. నలభై ఇళ్ళూ మళ్ళీ తిరిగీసి, తరగతి ఉండాలని ఏకగ్రీవం చేసి పట్టుకొచ్చీస్తాను."

"ఒక్క ఇంటికీ వెళ్ళడానికి వీల్లేదు" అన్నారు లలితాంబగారు. ఆవిడ గొంతు అంత గట్టిగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. "ఎవరి చెయ్యి వాళ్ళనే ఎత్తనీయండి. ఎన్ని లేస్తే అన్ని. ఒక్కటీ లేవకపోతే పలకలు ఇంటికి తెచ్చీసుకుంటాను. మీరు మోసుకొచ్చిన అలాగేలు మాత్రం నాకొద్దు."

మూడు వారాలు స్కూటరు కదల్లేదు. దాని మీద దుమ్ము పేరుకుంది. ఎవరైనా దారిలో కనబడితే ఆయన నోటి దాకా వచ్చిన మాట మింగి, వాన గురించి మాట్లాడేవారు. లలితాంబగారు ఆ ఆదివారాలు ఎప్పటిలాగే పక్కగదికి వెళ్ళొచ్చారు. మూడో ఆదివారం పలకలన్నీ కడిగి, తుడిచి, తాడుతో మోపు కట్టి పెట్టుకోవడం మా ఆవిడ చూసింది. గెలుస్తానని ఆవిడకి ఏ మూలా నమ్మకం లేదు.

సభ రోజు వచ్చింది. మినిట్సు పుస్తకంలో ఆ పేజీ తెల్లగా ఉంది. చేతులెత్తి ఓటు వేయడం ఎలాగో మాలో సగం మందికి తెలియదు, కుడి చెయ్యా ఎడమ చెయ్యా అని ఒకాయన అడిగారు. భుజంగరావుగారు లేచి, "మా ఇంటి ఓటు మా ఆవిడ వేస్తుంది" అని కూర్చుండిపోయారు. పరబ్రహ్మంగారు నియమావళి తిరగేశారు. ఇంట్లో ఎవరు వేయాలన్నది అందులో ఎక్కడా రాసి లేదు.

ముందు తరగతి ఎత్తేయాలన్నవాళ్ళు. చేతులు టపటపా లేచాయి. నేను లెక్కపెట్టాను, పద్దెనిమిది. లలితాంబగారు తల వంచుకున్నారు. పద్దెనిమిది చేతులంటే హాలు నిండా ఉన్నట్టే కనబడతాయి.

"ఉండాలన్నవాళ్ళు" అన్నారు పరబ్రహ్మంగారు.

లలితాంబగారు తన చెయ్యి ఎత్తారు. తర్వాత చినబాబు. తర్వాత నేను, చాలా ఆలస్యంగా, అటూ ఇటూ చూసి మరీ. ఆ తర్వాత తాతబ్బాయి బరువుగా చెయ్యి పైకి లేపి, "మా తల్లికి నేను ఉత్తరం రాయలేను బాబూ, మా పిల్లగుంట రాస్తాది. ఈయమ్మే నేర్పింది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. దాంతో అక్కడొకటి, ఇక్కడొకటి లేవడం మొదలయ్యాయి. పిల్లలు తరగతి మానేసి ఆరేళ్ళయిన ఇళ్ళవాళ్ళు ఎత్తారు. అసలు పిల్లలే లేని గురునాథరావుగారు ఎత్తారు. ఇరవై ఒకటి. రెండు ఇళ్ళవాళ్ళు నైట్ షిఫ్టు చేసి పడుకుని రాలేదు.

లలితాంబగారు లేచి నిలబడ్డారు. "మళ్ళీ ఒకసారి ఎత్తుతారా? నేను సరిగ్గా చూసుకోలేదు" అన్నారు. మళ్ళీ ఎత్తాం. ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్క చేతినీ లెక్కపెట్టుకున్నారు, పెదవులు కదుపుతూ. ఇరవై ఒకటి దగ్గరకి వచ్చేసరికి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూలబడి ఏడ్చేశారు. "ఎవరికీ అక్కర్లేదనుకున్నానమ్మా" అన్నారు పక్కనున్న ఆడవాళ్ళతో. "పన్నెండేళ్ళూ ఏదో మొహమాటానికి పంపుతున్నారనుకున్నాను." తాతబ్బాయి పెళ్ళాం ఆవిడ భుజం పట్టుకుంది.

మా క్వార్టర్లు ఒకే దారి కాబట్టి ముగ్గురం కలిసి నడిచి వచ్చాం. భుజంగరావుగారు తల వంచుకుని నడుస్తున్నారు. ఓడిపోయినందుకు బాధపడుతున్నారేమో అనుకున్నాను. నీళ్ళ ట్యాంకు దగ్గరకి వచ్చాక ఆగారు.

"ఆ ఇరవై మంది ఇళ్ళకీ వెళ్ళాను లలితా. ప్రతి ఇంట్లోనూ కూర్చున్నాను. కాఫీ తాగాను. ఒక్కళ్ళు, ఒక్కళ్ళు కూడా నాకు చెప్పలేదు. పన్నెండేళ్ళలో ఇంకా ఎన్ని చెప్పలేదో!"

"మీరు అడిగితే కదండీ" అన్నారు లలితాంబగారు. గొంతులో దెప్పు లేదు, ఏడ్చిన తడి ఇంకా ఉంది. "మీరు ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పొచ్చారు."

మా క్వార్టరు వచ్చింది. నేను గేటు తీసుకుని లోపలికి వెళుతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినబడింది. "రాత్రికి ఏటి వండమంటావు అని నువ్వు రోజూ నన్ను అడుగుతావు కదా. నీకేటి ఇష్టమో నాకు తెలీదే" అంటున్నారు. ఆవిడ ఆలోచించుకుంటున్నట్టున్నారు, జవాబు వినబడలేదు. ఆయన ఈసారి తొందరపెట్టలేదు. ఇద్దరూ అలాగే మెల్లగా వాళ్ళ క్వార్టరు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయారు.